మలుపు దండకం

సూటిదారిని పొగిడేవాళ్లు చాలామంది ఉన్నారు. కుడికాలు కాస్త బరువుగా మోపితే చాలు, అది ఎవరినైనా వేగవంతుణ్ని చేసేస్తుంది. నేను మొక్కేది మలుపుకు. మలుపూ! నీ ముందు డబ్బు పలకదు, బ్యాడ్జి పలకదు, బానెట్ కింద కట్టేసిన గుర్రాల లెక్క పలకదు. నీ దగ్గరికి వచ్చిన ప్రతి కారునూ నువ్వు అడిగేది ఒకటే: నీ బరువు ఎక్కడుంది, దాన్ని ఎటు పోనిస్తావు? జవాబు తెలిసిన కారు నీ వంపు వెంట సాగి నిండుగా బయటికి వస్తుంది. తెలియని కారు టైర్లతో కేకలు పెడుతుంది. కారు ఎక్కడ పుట్టిందో, ఎవరు నడుపుతున్నారో, ఎంతకు కొన్నారో ఆ క్షణాన లెక్కలోకి రాదు. అంత నిక్కచ్చి న్యాయం నేను మరెక్కడా చూడలేదు.

ఈ స్తుతి పెనుకొండ కొండ కింద నిలబడి చేస్తున్నాను. అందుకు కారణముంది. 1565లో తళ్లికోట యుద్ధం ముగిశాక తిరుమల దేవరాయలు విజయనగరాన్ని విడిచి రాజధానిని ఈ కొండ నీడకు తెచ్చాడు. పడమటి రేవుల్లో ఓడలు దిగిన అరబ్బీ గుర్రాల కోసం విజయనగర రాజులు బంగారం కుమ్మరించారు. రణరంగంలో గుర్రానికి పరుగొక్కటే ఉంటే సరిపోదు. కళ్లెం వేలెడు లాగితే ఎంత చోటులో తిరుగుతుందో, తిరిగేటప్పుడు రౌతును ఎంత నిబ్బరంగా మోస్తుందో, దాని మీదే ప్రాణం నిలిచేది. ఇప్పుడు అదే పెనుకొండ మండలంలో, ఎర్రమంచిలో, ఇంకో రకం గుర్రాలు పుడుతున్నాయి. 2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. వానకు మొగం వాచిన వేరుశనగ నేల మీద 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ లేచింది. హంద్రీ-నీవా కాలువల వెంట కృష్ణ నీళ్లు గొల్లపల్లి జలాశయానికి ఎక్కివచ్చాయి. 2019 జనవరి 29న ట్రయల్ కారు బయటికొచ్చింది. ఆ ఆగస్టులోనే సెల్టోస్ దేశమంతా రోడ్డెక్కింది. 2023 జూలైలో ఇక్కడ తయారైన పదిలక్షలవ కారు లైను దిగింది. అదీ సెల్టోసే.

ఆ సెల్టోస్‌ను, దాని ఇంటిపేరే పెట్టుకుని సముద్రం దాటివచ్చిన ఈవీ6ను పక్కపక్కన నిలిపి, ఒకే మలుపు దగ్గర ఎవరెలా వంగుతారో చెప్పాలని నా ఆశ.

ఎర్రమంచి బిడ్డ సంగతి ముందు. 2023లో కొత్త ముఖం దిద్దుకున్న సెల్టోస్‌లో ఒకటిన్నర లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్. 160 పీఎస్ శక్తి, 253 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీసీటీ ఆటోమేటిక్ గేరుపెట్టె. ఇంజనూ గేరుపెట్టే ముందువైపే, కారును లాగే పనీ ముందు చక్రాలదే. వెనక చక్రాలను కలుపుతూ ఒక టార్షన్ బీమ్. బరువు టన్నున్నరకు లోపే. పందెం కోసం పుట్టిన కారు కాదిది. పెళ్లిళ్లకు, తిరుపతి కొండకు, బెంగుళూరు ఆసుపత్రికి మనుషుల్ని మోయడానికి పుట్టింది. అయినా దాని రక్తంలో చురుకు ఉంది.

రెండోది 2022 జూన్‌లో మన దేశానికి వచ్చింది, కొరియాలో తయారై ఓడెక్కి. ఆ ఏడాది యూరప్‌లో కార్ ఆఫ్ ద ఇయర్ బిరుదు దానిదే. మన పత్రికలవాళ్ల చేతికి దాన్ని మొదట ఇచ్చింది గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ మీద. అప్పటి ఆల్ వీల్ డ్రైవ్ ఈవీ6లో ముందొక మోటారు, వెనకొక మోటారు. రెండూ కలిసి 325 పీఎస్, 605 న్యూటన్ మీటర్లు. నిలుచున్న చోటి నుంచి గంటకు వంద కిలోమీటర్లు అందుకోవడానికి కంపెనీ చెప్పిన లెక్క 5.2 సెకన్లు. నేల అడుగున పరుచుకున్న 77.4 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఒక్కటే నాలుగు క్వింటాళ్లు దాటుతుంది. మొత్తం బండి రెండు టన్నుల దగ్గర తూగుతుంది. ముందు చక్రాల ఇరుసుకూ వెనక చక్రాల ఇరుసుకూ మధ్య 2,900 మిల్లీమీటర్లు. ఈ సెల్టోస్‌లో అది 2,610. అప్పట్లో ఈవీ6 వెల చూస్తే మూడింతలు. ఈ జోడీ సమానం కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఏది ముందు పోతుందన్నది పొడుగాటి సూటిదారి ఒక్క క్షణంలో తేల్చేస్తుంది, అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు. నాకు కావలసింది మలుపులో వాటి నడత.

అది తెలియాలంటే ట్రాక్‌కి పోవాలి. హిందూపురం నుంచి పోదలచినవాళ్లకు దారి బెంగుళూరు మీదుగా శ్రీపెరుంబుదూరు వైపు, ఇరుంగాట్టుకోట్టైకి. ఒకప్పుడు మద్రాసు దగ్గరి షోళవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద పందేలు జరిగేవి. వాటిని నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో ఇక్కడ సొంత ట్రాక్ తెరిచింది. 3.717 కిలోమీటర్ల చుట్టు, 12 మలుపులు. ఇంకాస్త దక్షిణంగా కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, 2003లో మొదలైంది. కారు పందేలు డబ్బున్నవాళ్ల వేడుకగా ఉన్న కాలంలో తక్కువ ఖర్చుకు ఫార్ములా మారుతి కార్లు తయారుచేసి కుర్రాళ్ల చేతికిచ్చిన ఎస్. కరివర్ధన్ పేరది. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఒక మనిషి పట్టుదల వల్ల ఒక ఊరంతా మలుపు భాష నేర్చుకుంది. ఆ పేరు తలచుకోకుండా దక్షిణాది ట్రాకుల గురించి రాయడం నాకు చేతకాదు.

ట్రాక్ డే పందెం కాదు. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుంటారు. పొద్దున్నే జెండాల అర్థం చెబుతారు, ఎక్కడ దాటొచ్చో ఎక్కడ దాటకూడదో చెబుతారు, హెల్మెట్ లేనిదే లోపలికి పోనివ్వరు. ఆ చుట్టులో ఎదురొచ్చే లారీ లేదు, తోలుకుపోయే ఎనుములు లేవు, రోడ్డు దాటే బడిపిల్ల లేదు. అంబులెన్సు ఉంది, మార్షళ్లు ఉన్నారు, దారి తప్పితే ఆపుకోవడానికి ఖాళీ జాగా ఉంది. మలుపూ, నిన్ను భయం లేకుండా కళ్లెత్తి చూడగలిగే చోటు అదొక్కటే.

సెల్టోస్‌తో నీ దగ్గరికి వస్తున్నాను. బ్రేకు తొక్కగానే బరువంతా ముందుకు జారుతుంది. ముందు టైర్లు నేలను కరుచుకుంటాయి, వెనక చక్రాలు తేలికపడతాయి. స్టీరింగ్ తిప్పితే ముక్కు ఇష్టంగానే లోపలికి చూస్తుంది. ఒళ్లు మాత్రం బయటికి వాలుతుంది. ఎత్తు కారు, వాలక తప్పదు. ఇక్కడ ఆత్రపడి యాక్సిలరేటర్ తొక్కితే పాపం ముందు టైర్లు ఏం చేస్తాయి? తిరగడమూ వాటి పనే, లాగడమూ వాటి పనే. ధర్మవరం మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. పడుగు నిలువుగా బిగిసి ఉంటుంది, పేక అడ్డంగా దాటుతుంది, రెండు వైపులా ఒకేసారి అతిగా లాగితే పట్టుపోగు తెగుతుంది. టైరు పట్టు కూడా అంతే. నిలువుకు ఎంత వాడుకుంటే అడ్డానికి అంత తగ్గుతుంది. లెక్క మించితే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిరగదు, వంపు బయటి అంచుకు జారిపోతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. లోపలి ముందు చక్రం ఒట్టిగా గిర్రున తిరుగుతుంది, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం కొట్టుకుంటుంది, కంప్యూటర్ ఇంజన్ గొంతు నొక్కుతుంది.

ఆ కోపాన్ని సెల్టోస్ దాచుకోదు. అందుకే దాన్ని ప్రేమిస్తాను. తప్పు చేసిన క్షణానే చేతికి చెబుతుంది, తేలిగ్గా చెబుతుంది, దిద్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. బ్రేకును ఒక్కసారిగా వదిలేయకుండా, స్టీరింగ్ తిరిగేకొద్దీ పాదాన్ని కొంచెం కొంచెంగా ఎత్తుతూ వస్తే, ముందు టైర్ల మీద బరువు ఇంకాస్త సేపు నిలుస్తుంది. అప్పుడు ఈ కారు మాట మారుతుంది. ముక్కు వంపులోకి దిగుతుంది, వెనకభాగం చిన్నగా సర్దుకుని వెంట వస్తుంది. గట్టి మలుపులో లోపలివైపు వెనక చక్రం తన బరువంతా పోగొట్టుకుని నేలను తాకీ తాకనట్టు నిలుస్తుంది. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద చీరకొంగు దూర్చి అవతలికి లాగుతారు చూడండి, ఆ కాస్త సందు. ఒక కాలు తేలితే ఏమవుతుంది? మిగతా మూడూ కారును మోస్తాయి. వంపు నడినెత్తి దాటాక స్టీరింగ్ సడలిస్తూ వస్తే టర్బో ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క రెప్పపాటు. ఆ తర్వాత 253 న్యూటన్ మీటర్లూ ఒకటై లాగుతాయి. స్టీరింగ్ చేతుల్లో కాస్త మెలితిరుగుతుంది. ఇంజన్ అరుపు గేరు గేరుకూ మెట్టెక్కుతుంది. మీటరు చూడకుండానే వేగం ఎంతో చెవికి తెలుస్తుంది.

ఇప్పుడు ఈవీ6తో వస్తున్నాను.

మొదట తాకేది నిశ్శబ్దం. ఇంజన్ అనే అడ్డుతెర తొలగిపోయింది గనుక టైర్లు మాట్లాడేది వినబడుతుంది. మామూలు పట్టు ఉన్నప్పుడు సన్నటి హోరు. పట్టు అంచుకు వచ్చేసరికి అది మూలుగవుతుంది, అంచు దాటితే కీచుమంటుంది. నాలుగు టైర్ల గొంతులు నాలుగుగా వినిపించే కారు నాకు ఇదే మొదలు. ట్రాక్ మీద శబ్దం లేకపోతే ప్రాణం లేదనేవాళ్లతో నేను ఏకీభవించను. ఇంత స్పష్టంగా నేల సంగతి చెప్పే కారు చెవికి ఎంతో ఇస్తుంది.

బ్రేకు దగ్గర మాత్రం రెండు టన్నులు రెండు టన్నులే. యాక్సిలరేటర్ వదలగానే మోటార్లు తిరగబడి బ్యాటరీకి కరెంటు పంపుతూ కారును ఆపుకుంటాయి. ఆ పట్టు ఎంత గట్టిగా ఉండాలో స్టీరింగ్ వెనకున్న ప్యాడిళ్లతో మనమే తేల్చుకోవచ్చు. అయినా సూటిదారి చివర వేగం ఎక్కువ, బండి బరువెక్కువ, టైరు మామూలు రోడ్డు టైరు. ముందుగానే తొక్కాలి, గట్టిగా తొక్కాలి. సెల్టోస్ కోసం గుర్తుపెట్టుకున్న చోటు దీనికి పనికిరాదు. స్టీరింగ్ తిప్పాక ఆశ్చర్యం మొదలవుతుంది. ఇంత బరువూ వాలదు. బ్యాటరీ పాదాల కింద పరుచుకుని ఉంది గనుక కారు నేలకు అతుక్కున్నట్టే తిరుగుతుంది. సెల్టోస్‌లో ఒళ్లు వాలి చెప్పే మాటను ఇది దాచిపెడుతుంది. కారు నిబ్బరంగా ఉందనుకుంటాం, అప్పటికే బయటి ముందు టైరు తన భుజం మీద మొత్తం మోస్తూ అరుస్తుంటుంది. అక్కడ ఓపిక పట్టాలి, చెవి పెట్టి వినాలి. వేగం సరిగ్గా తగ్గించి లోపలికి పంపితే, అప్పుడు, మలుపూ, వెనక మోటారు నీకు ప్రదక్షిణం చేయిస్తుంది! పాదం ఆనించగానే, గేరు కోసం, టర్బో కోసం ఎదురుచూపు లేకుండా, వెనక నుంచి ఒక తోపు. ముందు చక్రాలు ఎక్కువగా తిరిగే పనిలో ఉంటే వెనక చక్రాలు ఎక్కువగా తోసే పనిలో ఉంటాయి. ఎవరి పని వాళ్లది. వంపు మధ్యలో నుంచే కారు తనను తాను బయటికి విసురుకుంటుంది. కడుపులో ఏదో జారినట్టవుతుంది, గొంతులో నవ్వు వస్తుంది. నేను ఆపుకోలేదు.

శ్రీపెరుంబుదూరులో పొడుగాటి సూటిదారి చివర వచ్చే మొదటి మలుపు వేగమైన కుడి వంపు. అక్కడ ఈవీ6 నిబ్బరం ముందు సెల్టోస్ నిలవలేదు. ఇరుకు వంపుల దగ్గర కథ వేరు. అక్కడ చిన్న కారు చటుక్కున దిశ మార్చుకుంటుంది, పెద్దది తన పొడవునూ బరువునూ ఈడ్చుకుని రావాలి. చుట్లు పెరిగేకొద్దీ పెద్దకారు టైర్ల అంచులు కరుగుతాయి, బ్రేకులు వేడెక్కుతాయి, బ్యాటరీ ఛార్జి దిగిపోతుంది. చిన్నకారు బ్రేకులూ అలుస్తాయి గానీ, అంత త్వరగా కాదు.

ఈ నడతల వెనక ఎవరో కూర్చుని స్ప్రింగుల బిగువు, డ్యాంపర్ల మెత్తదనం, స్టీరింగ్ బరువు ఒక్కొక్కటే నిర్ణయించారు. బీఎండబ్ల్యూలో ఎం విభాగపు ఇంజనీరింగ్‌ను నడిపిన జర్మన్ ఇంజనీర్ ఆల్బర్ట్ బీర్మన్ 2015లో హ్యుందాయ్-కియా గూటికి వచ్చాడు. చవకకూ సౌకర్యానికీ పేరుపడ్డ కొరియా కార్లు మలుపులో కూడా మాట్లాడాలన్నది ఆయన పట్టు. ఈవీ6కు జీటీ అనే అక్క ఉంది. మొదట వచ్చినప్పుడు దానికి 585 పీఎస్, 740 న్యూటన్ మీటర్లు, వెనక చక్రాల మధ్య శక్తిని పంచే ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్. 2023లో ప్రపంచ పెర్ఫార్మెన్స్ కారుగా ఎంపికైంది. దాన్ని ఇక్కడ ఈ ట్రాకుల మీద చూసే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.

రెండింటిలో ఏది గొప్పదని అడిగితే దాటవేయను. మనిషిని పులకింపజేసేది ఈవీ6. మనిషికి నేర్పేది సెల్టోస్. పదునెనిమిదేళ్లు నిండి కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లనో పిల్లవాణ్నో ట్రాక్‌కి తీసుకుపోవాలంటే ఎర్రమంచి కారులోనే తీసుకుపోతాను. శక్తి తక్కువైన చోట చేతులు తెలివి తెచ్చుకుంటాయి. ఐదు సెకన్లలో వందకు చేర్చే కారు ప్రతి తప్పునూ వేగంతో కప్పేస్తుంది, కప్పలేని రోజున క్షమించదు. ఆ కరెంటు విద్య కూడా ఇప్పుడు ఎర్రమంచికి వచ్చేసింది. 2025లో కరెన్స్ క్లావిస్ ఈవీ ఇక్కడే తయారై బయటికొచ్చింది. నేల అడుగున బ్యాటరీ మోసే కార్ల బరువు ఎటు పోతుందో ఈ జిల్లా పిల్లలు మున్ముందు తెలుసుకోక తప్పదు.

ఈ జిల్లా పిల్లల గురించే నా ఆరాటం. సోమందేపల్లి నుంచి, గోరంట్ల నుంచి, హిందూపురం, ధర్మవరం వీధుల నుంచి షిఫ్టు బస్సులెక్కి పోయే కుర్రాళ్లు, ఆడపిల్లలు ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీలో సస్పెన్షన్ బోల్టులు బిగిస్తున్నారు. ఏ బోల్టుకు ఎంత టార్క్ ఇవ్వాలో వాళ్ల చేతులకు తెలుసు. ఆ బోల్టు మలుపులో ఎంత భారం మోస్తుందో వాళ్ల ఒంటికి కూడా తెలియాలి. తాము బిగించిన కారులో కూర్చుని, హెల్మెట్ పెట్టుకుని, పక్కన నేర్పేవాళ్లుండగా ఒక్క వంపు తిరిగితే, మర్నాడు అదే బోల్టును ఇంకో రకం భక్తితో బిగిస్తారు. నాకు ఆ నమ్మకం ఉంది.

44వ నంబరు జాతీయ రహదారి ఫ్యాక్టరీ పక్కనుంచే పోతుంది. ఆదివారం తెల్లవారుజామున బెంగుళూరు నుంచి లేపాక్షి దాకా, పెనుకొండ దాకా ఖరీదైన కార్లు, బైకులు గుంపులుగా వస్తాయి. అందాన్ని చూడవచ్చినవాళ్లకు దండాలు. వేగాన్ని చూపించవచ్చినవాళ్లతోనే నా గొడవ. ఆ దారి మీద వేరుశనగ కాయల ట్రాక్టరు ఎదురు దిశలో వస్తుంది. హిందూపురం మార్కెట్టుకు చింతపండు మూటలు వేసుకున్న ఆటో లైటు లేకుండా పోతుంటుంది. పాలక్యాన్లు తగిలించుకున్న మోపెడ్ మీద పెద్దాయన వెనక్కి చూడకుండా అడ్డం తిరుగుతాడు. అక్కడ నేర్చుకునే విద్య ఏదీ లేదు. అక్కడ కారు తన హద్దు చెప్పేసరికి ఆ పెద్దాయన ముందుంటాడు.

కొటిపిలో, హిందూపురం పక్కనే, అంతర్జాతీయ స్థాయి రేస్ ట్రాక్ కడతామని 2018లో ప్రకటన వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు పొంగిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. కార్లు పుట్టే నేలకు కార్లను అర్థం చేసుకునే చోటు దక్కడం న్యాయం. హిందూపురంలో రైలో బస్సో దిగి, పిల్లలు నేరుగా ఆ ట్రాక్‌కి పోవాలి. ఫార్ములా వన్ కలలు తర్వాత చూసుకుందాం. ముందు బ్రేకు ఎలా తొక్కాలో, తడిరోడ్డు మీద జారిన కారును ఎలా పట్టుకోవాలో నేర్పే చిన్న వంపుల చుట్టు ఒకటి వచ్చినా చాలు.

పాలకులారా, కొటిపి మాటను మళ్లీ చేతికెత్తుకోండి. పరిశ్రమవాళ్లూ, మీ వంతు వేయండి. కారున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అది వచ్చేదాకా శ్రీపెరుంబుదూరు పొండి, కోయంబత్తూరు పొండి. టైర్ల గాలి చూసుకోండి, హెల్మెట్ తగిలించుకోండి, మార్షల్ జెండా ఊపితే వెంటనే నెమ్మదించండి. పెనుకొండ హైవే మీద మాత్రం ఎనభై దాటకండి.